మొదటి లాగుకే

కావలి ఆర్డీవో ఆఫీసులో సంతకాలయ్యాయి.
మావైపు ఏడుగురు, వాళ్ళవైపు ఏడుగురు,
నడుమ తొరక కట్టిన టీ గ్లాసులు.
వల కన్ను ఎంతుండాలో
స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నారు.
పావంగుళం.
దానికోసం పదకొండు నెలలు
ఒకరి చావుకి ఒకరం పోలేదు.

ఇసకదిబ్బపాలెమోళ్ళతో మాట్లాడితే
ఐదువేలని మా దురాయి.
మమ్మల్ని చూసి నవ్వితే పదివేలని వాళ్ళది.
ఉలవపాడు చేపల సంతలో
ఆడోళ్ళ గంపల మధ్య
మనిషి పడుకునేంత ఖాళీ.
అందులో ఒక కుక్క తప్ప
ఎవరూ కూర్చునే వాళ్ళు కాదు.

కొట్లాటనాడు తెడ్డు తగిలి
మా తమ్ముడు మునెయ్యకి ఎడంచెవి పోయింది.
సముద్రం వాడికిప్పుడు ఒకపక్కే మోగుతుంది.
ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.
రాయమని నేనూ అడగలా.

అదేరోజు లాక్కుపోయిన మా పడవని
నిన్న మన్నేటి మొగ దగ్గర తిరిగిచ్చారు,
పోలీసు జీపు చూస్తుండగా.
రంగు వెలిసింది. అమ్మోరి పేరులో
రెండక్షరాలు రాలిపోయాయి.
ఉప్పుగాలికి పదకొండు నెలలున్న ఇంజను
ఎట్టుంటాదో నాకు తెలుసు.
ముప్పై ఏళ్ళుగా విప్పి బిగించే చేతులివి.
స్పానర్లు, కిరసనాయిలు, కొత్త ప్లగ్గు,
తిట్టడానికి నాలుగు మాటలు,
అన్నీ సర్దుకునే పోయా.

తాడు లాగా.
మొదటి లాగుకే అందుకుంది.

మావాళ్ళంతా కేకలేశారు.
నేను మూత తీసి చూశా.
సందుసందునా పచ్చిగా గ్రీజు.
ప్లగ్గు మొన్న తుడిచిందే.
ఎవడో, వారానికోసారైనా,
తన పెట్రోలు పోసి,
తనవాళ్ళ కళ్ళుగప్పి
పగోడి ఇంజన్ని తిప్పుతా వచ్చాడు.

కాదు.
కళ్ళు గప్పొచ్చు, ఇంజను చప్పుడు దాగేది కాదే.
పాలెమంతా వినే ఉంటాది.
విని,
గంజి తాగుతా, వల కుట్టుకుంటా,
పదకొండు నెలలు
వినపడనట్టు ఊరుకునుంటాది.

ఎవరని నేను అడగలా.
అడిగితే ఆ మనిషికి పాత దురాయి తగులుకుంటుందేమోనని.
మునెయ్య వంగి
కుడిచెవి దగ్గరపెట్టి చాలాసేపు విన్నాడు.
ఇసకలో ఉమ్మేసి
"బాగానే కొడతాందిలే" అన్నాడు.
ఎవరివైపూ చూడకుండా.

తెచ్చిన ప్లగ్గు జేబులోనే ఉంది.
పొద్దున సంతనుంచొచ్చి మా ఆవిడ చెప్పింది:
గంపల మధ్య ఖాళీ ఇంకా ఉందంట.
కుక్క మాత్రం
కాళ్ళు ముడుచుకుని పడుకుందంట.