కనపడని కుట్టు

గవర్నర్‌పేటలో చెప్పుల షాపు పక్కన, మేడమెట్ల కింద
మా ఫాల్, పీకో కొట్టు.
మూడు మిషన్లు, నలుగురు ఆడవాళ్ళం,
గోడకి చిన్న టీవీ.
ఎనిమిదిన్నరకి మిషన్లు ఆగుతాయి.
చేతులాగవు.
ఫాలుకి లోపలి కుట్టు వెయ్యడానికి కళ్ళక్కర్లేదు మాకు.

హీరో హీరోయిన్ల గురించి బెంగలేదు.
వాళ్ళకిప్పటికి మూడుసార్లు పెళ్ళయింది,
ఒకళ్ళతో ఒకళ్ళకే.
మా బాధంతా మందాకినిది.

మందాకినంటే ఆ ఇంటి పెద్దాడపడుచు.
కనుబొమ్మ ఎత్తితే మూడు వైపుల్నుంచి ఉరుముతుంది.
వీలునామా కాల్చింది, మెట్లమీద నూనె పోసింది,
పాలల్లో ఏదో కలిపింది.
అలాంటి మనిషికి
నాలుగొందల పదకొండో రోజున
కాంపౌండర్ పురుషోత్తం ఖాళీ సీసా తెచ్చిచ్చాడు.
"మీదేనండీ, మా దగ్గర మర్చిపోయారు"
అన్నాడంతే. ఎవరికీ చెప్పలేదు.
సీసా అందుకుంటుంటే ఆవిడ గాజులు చప్పుడయ్యాయి.
మ్యూజిక్ రాలేదు.

అక్కడ పట్టుకుంది మస్తాన్‌బీ.
"మ్యూజిక్ వెయ్యలేదంటే
అది వాళ్ళు రాసింది కాదే,
నిజంగా జరిగింది."

అప్పట్నుంచి రసీదు పుస్తకం వెనకట్ట మీద
కెజియా లెక్క రాస్తోంది.
పురుషోత్తం చూపులు: ఏడు.
మందాకినివి: రెండు. అందులో ఒకటి అనుమానం.

నాంచారమ్మ మాత్రం ఒప్పుకోదు.
"ఆ రాక్షసికి వాడా! సైకిలూ, క్యారేజీ తప్ప
ఏమెరుగుతాడు పాపం?"
నేనన్నాను: అతను ఇంజెక్షన్ చేసిన మర్నాడు
ఆవిడ మెరూన్ మానేసి లేత నీలం కట్టింది.
ఆ నీలం నూట ముప్ఫై రెండో నంబరు దారం.
ఇరవయ్యేళ్ళుగా రంగులు కలుపుతున్నాను,
ఆ రంగు ఊరికే కట్టరు ఎవరూ.

చీరకి ఫాలున్నట్టు పైకి తెలియకూడదు.
తెలిస్తే కుట్టినవాళ్ళకి నామోషీ.
వాళ్ళ సంగతీ అంతేలే అనుకున్నాం,
అంచు కింద, లోపలివైపు,
ఒక్కో పోగూ పట్టుకుంటూ పోతోందని.

సూర్యారావుపేట బ్యాంకు మేడంగారు
ఫాలున్న చీరకే మళ్ళీ ఫాలెయ్యమని తెచ్చి
"ఇవ్వాళ కలిశారా?" అని అడిగి వెళ్ళేది.

మిషన్లు బాగుచేసే సాంబయ్య నవ్వాడు.
"పిచ్చి తల్లుల్లారా, రోజుకూలి వాళ్ళది.
ప్యాకప్ అంటే ఆవిడ కారెక్కుద్ది, అతను బస్సెక్కుతాడు."
"ఒకే దారిలోనా?"
అడిగింది నాంచారమ్మ.
అలా తెలిసింది, అదీ మాలో కలిసిందని.

మొన్న సోమవారం.
దసరా జనానికి రోడ్డంతా కట్టేశారు, బేరాల్లేవు.
టీవీ పెట్టేసరికి పురుషోత్తం ఫోటో.
దండ. కరెంటు దీపం.
లారీ గుద్దిందని ఎవరో ఫోన్లో చెబుతున్నారు.
మందాకిని ఫోటో వైపు అర క్షణం చూసి
తాళాలగుత్తి ఎక్కడ పెట్టారని అడిగింది.

నాంచారమ్మకి సూది దిగింది.
పసుపు చీర మీద చిన్న రక్తపు చుక్క.
ఎవరి రక్తం వాళ్ళ ఉమ్మితోనే పోతుంది, మా పనిలో అందరికీ తెలుసు.
తుడుస్తూనే ఉంది, మరక పోయాక కూడా.

"శవాన్ని చూపించలేదుగా," అంది కెజియా.
"లారీ నంబరూ చెప్పలేదు," అంది మస్తాన్‌బీ.
"అవును," అంది నాంచారమ్మ, "చెప్పలేదు."

నాకు చూపించారు మా ఆయన్ని,
తొమ్మిదేళ్ళ కిందట, పెద్దాస్పత్రి వరండాలో,
గుడ్డ పైకెత్తి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని.
ఆ తేడా నాకు తెలుసు.
అందుకే నేనూ అన్నాను,
"చూపించలేదు. వస్తాడు."

మంగళవారం ఆవిడ ఏ రంగు కడుతుందో.
కెజియా బాబిన్‌కి నూట ముప్ఫై రెండు చుడుతోంది.
ఆ రంగు చీర
ఇవ్వాళ ఎవరూ ఇవ్వలేదు.