నోరు లేని తల

కుల్దీగలో, మూతబడ్డ అగ్గిపుల్లల కార్ఖానా
నేలమాళిగలో మా స్టూడియో.
గోడలకి ఉన్ని దుప్పట్లు,
నడిమధ్యన ఇనుప కడ్డీ మీద ఒక బొమ్మ తల.
కళ్ళు గీయలేదు, నోరు కోయలేదు.
చెవులు మాత్రం అచ్చం మనవే,
ఒక్కో చెవిలో ఒక్కో మైకు.

కథ పాతదే, ఇక్కడి అమ్మమ్మలందరికీ వచ్చిందే.
అన్నలు ఆరుగురు హంసలైపోతారు.
చెల్లెలు ఆరేళ్ళు నోరు విప్పకుండా
దురదగొండి నారతో ఆరు చొక్కాలు కుట్టాలి.
ఒక్క మాట జారిందా
ఆకాశంలోనే ఉండిపోతారు వాళ్ళు.

పుస్తకంలో ఇది సులువు.
ఆమె మౌనంగా ఉంది అని ఒక వాక్యం,
పక్కన ఒక బొమ్మ. అయిపోయింది.
నేను మాత్రం మూడు వారాలు
తెల్లకాగితం ముందు గోళ్ళు కొరుక్కున్నాను.
చెవి తప్ప మరో దారి లేని కథలో
మాట్లాడని పిల్ల ఎక్కడుంటుంది?

మనసులో మాటలు పెడదాం, కాస్త ప్రతిధ్వనితో, అన్నాడు ఐనార్స్.
పెట్టాం.
నూతిలోంచి వార్తలు చదివినట్టుంది. తీసేశాం.
వయొలిన్ పెట్టాం.
ఆమె ఏడవాల్సిందంతా అదే ఏడ్చేసింది.

జిద్రా ఏమీ అనలేదు.
డెబ్భై ఆరేళ్ళ మనిషి, చప్పుళ్ళు చేయడం ఆవిడ కొలువు.
బంగాళాదుంప పిండి మూటని పిసికితే మంచులో నడక,
తోలు చేతితొడుగులు విదిలిస్తే రెక్కలు,
మిఠాయి కాగితం నలిపితే చితిమంట.
మర్నాడు కోటు జేబులోంచి
ఒక ఇత్తడి వేలితొడుగు తీసింది, సొట్టలు పడ్డది.

"మా అమ్మది. సైబీరియా నుంచి వచ్చాక
నాలుగేళ్ళు మాట్లాడలేదు.
పెద్దమ్మ దగ్గర పెరిగాను నేను, ఆ ముఖం నాకు కొత్త.
రాత్రిళ్ళు గోడ అవతల కుట్టుకునేది.
చూసి కాదు, విని గుర్తుపట్టాను మా అమ్మని."

అని, కుర్చీ లాక్కుని
బొమ్మ తల వెనక కూర్చుంది.
దాని భుజాలుండాల్సిన చోటు మీదుగా
రెండు చేతులూ ముందుకు చాచి
కుట్టడం మొదలుపెట్టింది.

టిక్. సూది ఇత్తడికి తగిలింది.
మైనం రాసిన దారం బట్టలోంచి సాగింది, సుదీర్ఘంగా.
ముడి దగ్గర ఊపిరి ఆగింది.
పళ్ళతో దారం తెంపింది.
ఒకసారి వేలికి గుచ్చుకుంది, నిజంగానే.
ముక్కులోంచి చిన్న గాలి, అంతే.

ఐనార్స్ హెడ్‌ఫోన్సు తీసి నా తలకి పెట్టాడు.
నేను ఆ పిల్లని వినడం లేదు.
నేనే ఆ పిల్లని.
కుడిచెవి వెనక ఎవరో మంత్రగత్తె అంటున్నారు,
జవాబు నా గొంతులోనే ఉంది,
నాకు నోరు లేదు.

ఆరేళ్ళ తర్వాత ఆమె అనే మొదటి మాట కోసం
పదకొండు పంక్తులు రాసి ఉంచాను, కాస్త గర్వంగానే.
మీ అమ్మ మొదట ఏమంది, అని అడిగాను.
"ఉప్పు చాల్లేదు, అంది.
పెద్దమ్మ గరిటె కింద పడేసింది."
పదకొండు పంక్తులూ కొట్టేశాను.

ఇక ఆఖరి చొక్కా. దానికి ఎడమ చెయ్యి కుట్టే వ్యవధి లేదు,
అందుకే చిన్నన్నకి ఒక రెక్క మిగిలిపోతుంది.
పుస్తకంలో అది ఒక జాలి వాక్యం.
ఇక్కడ ఆవిడ లేచి, ఎదురుగా నిలబడి,
ఆ తలని హత్తుకుంది.
ఎడమచెవి మీద అరచెయ్యి, పనితో గరుకెక్కింది.
కుడిచెవి మీద ఈకలు.

సరిగ్గా అప్పుడే పైన రోడ్డు మీద
కట్టెల లారీ ఒకటి గోతిలో పడి లేచింది.
అది కూడా ఎక్కింది రికార్డింగులో.
మళ్ళీ చేద్దామా, అన్నాడు ఐనార్స్.
జిద్రా ఇంకా తలని వదల్లేదు.
లారీని ఉంచేశాం.