కొట్టివేత

ఓస్టర్‌సుండ్ రికార్డుల గదిలోకి
పెన్సిలు తప్ప కలం రానివ్వరు.

మారెత్ యోన్స్‌డోట్టర్, పనిమనిషి.
పేరు మీద పాస్టరు గీసిన అడ్డగీత.
చనిపోయిందని కాదు,
ఊరు మారిందని.
అయిదు పల్లెలు, అయిదు గీతలు.
"చదువుతుంది, తడబడుతూ. రాయడం రాదు.
మొహాన మశూచి మచ్చలు."
ముప్పై ఏళ్ళ మనిషికి
పోసిన సిరా అంతే.

కరువేడు బాప్తిస్మాల్లో ఒక పిల్ల: యోలిన్.
తండ్రి గడి ఖాళీ.
సాక్షి, పడవలు చేసే పేర్ ఎస్కిల్సన్.
గది మూసేముందు ఇంకో పుస్తకం తిరగేస్తే
అతని తల్లి పేరూ యోలినే.

అమ్మమ్మకి అమ్మమ్మ, ఈ పిల్ల.
అంటే మారెత్
చర్చిలో అందరిముందూ చెప్పేసిందన్నమాట,
ఎవరూ కొట్టేయలేని చోట,
పిల్లని పిలుస్తూ.

నా వంశపత్రంలో ఆ గడి దాకా
పెన్సిలు తెచ్చాను.
నాకూ రాయడం రాలేదు.