తరుగు

ఏనుమాముల యార్డుల పొద్దు పొడవకముందే
మిర్చి ఘాటు గొంతుల కూసుంటది.
కాంటా పక్కన ఇనుప కుర్చీ నాది.
బస్తా ఎక్కుతది, ముల్లు వణుకుతది,
ఆగినంక నేను అంకె రాస్త.

పదకొండేండ్లు ఇదే పని చేసిన
శంషాబాదుల, చల్లటి అద్దాల నడుమ.
అక్కడ బస్తా కాదు, పెట్టె.
పదిహేను కిలోలు దాటితే
నవ్వు చెదరకుంట పైసలడగాలె.
"లైటర్లున్నయా? బ్యాటరీలు? పదునైనవేమన్న?"
మొన్నొక రైతును అట్లనే అడగబోయి
నాలిక కరుచుకున్న.

ఉత్తరం రాత్రి పదకొండింటికి ఫోన్ల వచ్చింది.
"ప్రియమైన కుటుంబ సభ్యులారా" అని మొదలు.
మా ఇంట్ల ఎవ్వరూ ఎవ్వర్నీ అట్ల పిలువరు.
మొదటి నెల ఇరవై శాతం కోత, స్వచ్ఛందంగ.
స్వచ్ఛందంగ ఇయ్యనోల్ల పేర్లు మేనేజరు రాసుకున్నడు.
రెండో నెల సగం.
మూడో నెల జీతం లేని సెలవు.
చిన్నప్పుడు సెలవంటే ఎగిరి దుంకిన మాట అది.
పైలట్లకు వేరే ఉత్తరం, పెద్ద పెద్ద మాటలతోటి.
సామాన్లెత్తే పోరగాండ్లకు ఉత్తరమే లేదు,
గేటు కాడ పాసు గీస్తే
ఎర్ర లైటు.

మా నాయిన ఆజంజాహి మిల్లుల పనిచేసిండు.
మిల్లు పోయినంక ఎన్నేండ్లకు గూడ
సైరను టైముకే లేచి కూసునెటోడు,
చెప్పులేసుకొని, ఎటూ పోకుంట.
నాకు గిప్పుడు నాలుగింటికి మెలకువ అయితది.
మొదటి ఫ్లైటు చెకిన్ టైమది.

ఆఖరి దినం అద్దంల నుంచి చూసిన,
విమానాలు వరుసగ నిలబెట్టిండ్రు,
ఇంజన్ల మూతులకు ఎర్ర గుడ్డలు.
టైర్లు ఒక్క దిక్కే అణిగిపోవద్దని
కొద్ది దినాలకోసారి చక్రాలు తిప్పుతమని
టెక్నీషియన్ ఫజల్ చెప్పిండు.
ఎగరకున్నా దాని ఓనరుకు కిరాయి పోతదట.
నేనూ నిలబడే ఉన్న ఫజల్,
నన్నెవలు తిప్పుతరు? అన్న.
వాడు పాన తుడుసుకుంట ఉన్నడు.
ఇప్పుడు హన్మకొండల ఇన్వర్టర్లు బాగుచేస్తడు.

మామునూరు నుంచి బస్సుల వస్త.
పాత రన్‌వే దిక్కు గడ్డి మేసే మేకలకు
బోర్డింగు పాసు అక్కరలేదు.
ఇట్లాంటి జోకులు నాకు నేనే చెప్పుకుంట.

అక్కడ పేజీలకు పేజీలు రాసిన దానికి
ఇక్కడ ఒక్కటే మాట: తరుగు.
తేమకింత, తాలుకింత,
రేటు పడ్డనాడు ఇంకో కిలో.
సేటు వేలు చూపెడ్తడు, నేను రాస్త.
రాసేది నా చెయ్యే, ఏం చెప్పాలె.
పొద్దుగాల పర్కాల దిక్కెల్లి వచ్చిన రైతమ్మ
చీటీ అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది:
"రేటు పడ్డప్పుడు తీస్తిరి గద బిడ్డా,
లేసినప్పుడు మల్ల కలుపుతరా?"

పదకొండేండ్లల
మా కుటుంబంల ఒక్కరం అడగని మాట.

నిన్న రాత్రి ఇంకో ఉత్తరం.
ఆకాశం మల్ల తెరుచుకున్నదట, రమ్మన్నరు.
కాంట్రాక్టు మీద.
పాత జీతంల సగానికి ఓ పిసరెక్కువ,
సర్వీసు సున్న నుంచి లెక్క.
శుక్రవారం లోపల ఔనో కాదో చెప్పాలె.
కింద సంతకం లేదు, గులాబి రంగు విమానం బొమ్మ ఉంది.

తిండి యాళ్లకు యార్డు సల్లవడ్డది.
ఏం తోచిందో, చెప్పులిడిసి
నేనే కాంటా ఎక్కిన.
హమాలి కొంరెల్లి వంగి ముల్లు చూసిండు.
"యాభై మూడు, లీలక్కా.
తరుగెంత తియ్యమంటవ్?"
అందరు నవ్విండ్రు, సేటు గూడ.
బస్తా మీద కూసున్న రైతమ్మ నవ్వలే.
నేను దిగలే.

ఇయ్యాల బుధవారం.