గడ్డపార పని

జమాఖర్చుల పుస్తకం నా దగ్గరే ఉంటాది,
పెట్రోమాక్స్ లైటూ నాదే.
కాబట్టి పెన్నోబులేసు గురించి
నేను రాసిందే లెక్క.

మా దళంలో ఐదుమందిమి.
ముందు మాబున్నవ్వ,
సంచిలో సాంబ్రాణి, దవడన వక్కాకు.
తాడు సుంకన్నది. తప్పెట ఈరన్నది.
కత్తి మాత్రం వానిది,
పందొమ్మిదేండ్ల పిల్లోనిది.
మూడు నెల్లు కాయలొలిచిన కూలితో
లారీ కమానుపట్టీని
గుత్తిలో సాగగొట్టించుకున్నాడు.
ఎవురన్నా తాకితే నూనె పెట్టి మళ్లీ తుడుస్తాడు,
మనిషి చెయ్యి మరక అన్నట్టు.

వాడు ఎవురెనకా నడవడు.
ఉరవకొండ బస్టాండులో
టీ అంగడికి పోయినా రెండడుగులు ముందే.
కూడేరు చింతతోపులో కొరివిదయ్యాన్ని
ఒక్క వేటుకు ఆర్పినాడు గదా,
ఆ పొద్దు నుంచి
సంగటి ముద్ద గూడా వేట్ల లెక్కన్నే తింటాడు.
"ఒక్క వేటు చాలు."
అదే వాని పలకరింపు, అదే వాని సెలవు.

వజ్రకరూరు దాటినాక ఒక చేను.
తొలకరికి జనం వజ్రాలేరే నేలే,
మూడేండ్లుగా రాళ్లే.
దాంట్లో ఏడునూర్ల అడుగుల బోరు,
నీళ్లు పడలేదని మూతెయ్యకుండానే వదిలేసినారు.
రాత్రయితే లోపల నుంచి
బిందె నిండే చప్పుడు,
గొంతు దాకా వచ్చి ఆగే ఆ బుడబుడ.
విని బిందెలెత్తుకుని పోయినోళ్లు ఇద్దరు
ఇంగ రాలేదు.
బోరు నోరు జానెడు.
మనిషి ఎట్ల దిగినాడో ఎవురికీ అంతుబట్టలేదు.
బిందెలు మాత్రం గట్టు మీద
తోమి బోర్లించినట్టు, తళతళా.

"అది దాహం రా" అనింది అవ్వ.
"మనదే. ఎండలకు ఎండలు పేరుకున్నది.
నరికేది కాదు, మూసేది."
"మూసేదానికి నేనెందుకవ్వా" అని నవ్వి
వాడు ముందుకు పోయినాడు.

అది లేసింది.
ఆకారమంటే ఏం చెప్పేది,
లైటెత్తితే గాజుబుడ్డికి చెమట పట్టింది.
వాడు కొట్టినాడు.
నిజం రాస్తా, అంత అందమైన వేటు
నేను మళ్లీ చూడలేదు.
చప్పుడు రెండయింది.
మళ్లీ కొట్టినాడు. నాలుగు.
చీకట్లో ఎనిమిది బిందెలు నిండుతాండాయి,
వాని పెదవులు పగులుతాండాయి,
నాలుక బయటికొచ్చి గాలిని నాకుతాంది.
ఎవురి ముందరా వంగని ఆ మోకాలు
బోరు పక్కకు
జానెడు జానెడు జరుగుతాంది.

సుంకన్న తాడేసి నడుం పట్టుకు లాగినాడు.
ఈరన్న తప్పెట పగిలేట్టు వాయించినాడు.
మూతకని తెచ్చిన కడప బండ
ఎద్దులబండి నుంచి జారి మట్టిలో దిగబడింది.
గడ్డపార?
ఇంట్లో మర్చిపోయొచ్చినా.
ఇది నా తప్పు. పుస్తకంలో
ఇంతవరకు రాయలేదు.

"కత్తియ్యి" అనింది అవ్వ.
వాడు ఇయ్యలేదు.
ఇయ్యకుండా
తానే బండ కింద దూర్చినాడు,
దాని మీద తన బరువంతా ఒరిగినాడు.
కత్తి మూలిగింది.
వాడు కండ్లు మూసుకున్నాడు,
సూదేయించుకునే పిల్లోని మాదిరి.
బండ లేసింది, దొర్లింది, నోరు మూసింది.
కింద ఎవురో
ఒక్క గుటక మింగినట్టు, అంతే.

తెల్లారి చూస్తే కత్తి కొడవలి.
గుత్తి కమ్మరి సరిచేస్తానన్నాడు, రెండునూర్లకు.
వాడు వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు.
ఒరలో పట్టదు. గోనెసంచిలో చుట్టి భుజానేసుకుని
ఇప్పటికీ మాకంటే రెండడుగులు ముందే.
మారినాడని నేను రాయను.
నిన్న మాత్రం టీ అంగట్లో
నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండా
శానాసేపు చెవి కాడ పెట్టుకున్నాడు.

జమ: సెనక్కాయలు, రెండు మూటలు.
ఖర్చు: గడ్డపార ఒకటి, కొత్తది.
తానే మోస్తానని తీసుకున్నాడు.
దాన్ని గూడా
ఎవుర్నీ తాకనియ్యడు.