రబ్బరు పొట్టు

కుతాయిసీ గ్రంథాలయంలో
నా పని చెరపడం.
తిరిగొచ్చిన పుస్తకాల్ని కిటికీ పక్క బల్ల మీద పరిచి
పెన్సిలు గీతలు ఎక్కడున్నాయో వెతికి
రబ్బరుతో రుద్దుతాను, కాగితానికి నొప్పి తెలియకుండా.
సాయంత్రానికి ఒళ్లో గుప్పెడు పొట్టు,
జనం ఆలోచనల్ని దంచగా మిగిలిన తవుడు.

ఇరవై రెండేళ్లయింది.
ఊళ్లో వాళ్లు నాకు మొహాల్లో కన్నా
మార్జిన్లలోనే ఎక్కువ తెలుసు.
రొట్టెల బట్టీ ముర్మాన్‌కి
కొండల మీద మంచు వర్ణన మొదలైతే ఓపిక చాలదు;
పిండి అంటిన వేలిముద్రలు
ఆరో పేజీ నుంచి పదకొండుకి గెంతుతాయి.
లెక్కలు చెప్పే ఎతేరి చివరి పేజీ ముందు చదువుతుంది.
"ఎవరు మిగులుతారో తెలియకుండా
ఎవరి మీదని మనసు పెట్టుకోను?" అంటుంది.
మినీబస్సు నడిపే కుర్రాడొకడు ఏ పుస్తకం తీసుకెళ్లినా
నలభయ్యో పేజీలో పొద్దుతిరుగుడు గింజల పొట్టు వదిలి
తెచ్చిచ్చేస్తాడు.
సిగ్గుపడుతూ, "బావుంది" అంటాడు.

ఒక్క చేతిరాత మాత్రం ఎవరిదో ఎరగను.
సన్నగా, ఎడమకి వాలి,
అబద్ధం తగిలిన చోట ఒకే మాట: కాదు.
సేనాపతుల జ్ఞాపకాల్లో పేజీకి మూడు.
ప్రేమకథల్లో, ఆశ్చర్యం, చాలా తక్కువ.
వంటల పుస్తకంలో
వాల్‌నట్ ముద్దకి వెల్లుల్లి కొలత దగ్గర కూడా కాదు.
ఇంటికెళ్లి చేసి చూశాను.
నిజమే, కాదు.

రిజిస్టరు తిప్పితే పేరు దొరుకుతుంది.
తిప్పను.
చెరిపేవాళ్లకీ ఒక మర్యాద ఉంటుంది.

శాల్వా మా వీధి నవలాకారుడు.
తెల్లవారుజామున నాలుగింటికి ఇస్త్రీ బల్ల ముందు నిలబడి
పాత కరెంటు బిల్లుల వెనక రాస్తాడట.
కూర్చుంటే వాక్యాలకి పొట్ట వస్తుందట.
ఏటా అక్టోబరులో వచ్చి
తన పుస్తకం అట్ట లోపల తేదీ ముద్రలు లెక్కపెట్టుకుంటాడు.
నాలుగు.
రెండు నావే. చెప్పలేదు.

ఆ ఏడు తొంభై ఒకటో పేజీ దగ్గర తెరుచుకుంది.
"అమ్మ నా చేయి పట్టుకుని, నవ్వుతూ వెళ్లిపోయింది."
పక్కన, ఎడమకి వాలి: కాదు.

"చెరపడం మరిచిపోయాను" అన్నాను.
నా మాట పక్కన కూడా
ఎవరైనా ఆ మాటే రాయొచ్చు.

రియోనీ నది మీద వాన.
ఆయన కోటు నుంచి నేల మీదకి నీళ్లు.
చాలాసేపటికి పెన్సిలు అడిగాడు.
వెళ్లాక చదివాను:
"అప్పుడు నేను బతూమీలో ఉన్నాను. పేకాటలో.
గెలుస్తున్నాను."

వసంతంలో ఐదో ముద్ర పడింది.
పుస్తకం తిరిగొచ్చాక చూస్తే
కాదు లేదు.
అలవాటు లేని చెయ్యి, తడివేలితో రుద్దినట్టుంది;
కాగితం ఉల్లిపొరలా పల్చబడి
అవతలి పేజీ అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి.
కింద ఆయన వాక్యం అలాగే ఉంది,
నా కోసం.

రబ్బరు మూడుసార్లు ఎత్తాను.
టీ చల్లారింది.
ఇంతలో మినీబస్సు కుర్రాడు గుమ్మంలో నిలబడి
"ఏదో ఒకటి ఇవ్వండి" అన్నాడు.
ఇదే ఇచ్చాను,
తొంభై ఒకటి దాకా ఎలాగూ రాడు కదా అని.

గడువు దాటి పదకొండు రోజులు.
ఇంకా తేలేదు.