చెవిగాటు లేని ఎద్దు

పారిస్ నుంచి పన్నెండు మచ్చు నాణేలొచ్చాయి
నీలం మఖమలు పెట్టెలో, గుంటకొకటిగా.
ఇహోసీ కచేరీలో అప్పట్లో నేను దుబాసీని.
దొర చేతికి తొడుగు. నన్ను చేతులు వెనక్కి కట్టుకోమన్నాడు.

ఒక పక్క టోపీ పెట్టుకున్న వాళ్ల దేశమాత.
ఇంకో పక్క మా ఎద్దు.
ఎద్దు కాళ్లకింద నువ్వుగింజంత అక్షరాల్లో
‘మచ్చు’ అని వాళ్ల భాషలో.
అంటే ఇంకా పుట్టలేదని.
దీనికి ఉప్పుకల్లు కూడా రాదని.

“ఎద్దులు తెలిసినవాడెవడైనా ఉన్నాడా?”
సంతలోంచి రెమానింద్రిని పట్టుకొచ్చాను.
తలపన్ను కోసం మొన్ననే రెండు కోడెల్నమ్మాడు,
దుప్పటి అంచున ఇంకా పేడ.

నాణేన్ని కంటిదగ్గర పెట్టుకోలేదతను.
చెయ్యి బారజాపి
దూరాన మేస్తున్నదాన్ని చూసినట్టు చూశాడు.
“మూపురం కుడికి ఒరిగింది.
డెక్కలు బాగున్నాయి. గంగడోలు మాత్రం
ఎవరో చెబుతుంటే విని గీసినట్టుంది.”
తర్వాత బొటనవేలి గోటితో ఎద్దు చెవి తడిమాడు,
ఒకసారి, ఇంకోసారి,
తిప్పి ఆడమనిషి చెవి కూడా చూశాడు.

“గాటేదీ?”

మా దగ్గర వంశానికో గాటు.
మా తాతలది చేపతోక,
రెమానింద్రి వాళ్లది అంచున రెండు నొక్కులు.
చెవి నిండుగా ఉందంటే అది అడవిదన్నా కావాలి,
కొట్టుకొచ్చి ఇంకా గాటు పెట్టనిదన్నా కావాలి.
“ఎవరిదీ ఎద్దు?”
నన్ను కాదు, దొరనే అడిగాడు.

“ఏమంటున్నాడు?” అన్నాడు దొర.

నావి కొత్త బూట్లు. ఆ నెల జీతం ఇంకా రాలేదు.
“పోలిక కుదిరిందంటున్నాడు” అన్నాను.

దొర రాసుకున్నాడు.
పెట్టె మూసేముందు లెక్కపెట్టాడు. పన్నెండు.

మరుసటేడు ఎద్దు కాళ్లకింద మాట తీసేశారు.
నాణెం చెల్లింది, ముందుగా పన్నుకి.
అమ్మిన కోడెలు గలగలమంటూ అరచేతిలోకొచ్చి
పొద్దుగూకేలోగా
కచేరీ బల్లమీద మందగా చేరాయి.

చాలా ఏళ్లకి, గుజరాతీ సేటు కొట్లో,
నా ముందున్న ముసలమ్మ ఇచ్చిన చిల్లరలో
ఒకటి వంకరగా మెరిసింది.
ఎవరో కత్తితో
ఎద్దు చెవి తగిలే అంచున
రెండు నొక్కులు నొక్కారు.

“గాటు పడింది, చెల్లదు” అని సేటు తోసేశాడు.
ఆమెకి మంచిదొకటిచ్చి నేను తీసుకున్నాను.

ఇప్పటికీ నా దగ్గరే ఉంది.
కరువేడాది కూడా మార్చలేదు.
అది నా ఎద్దు కాదు.